సముద్రం అడుగున రొద



నీళ్లలో శబ్దం ఎంత వేగంగా పోతుందో కొలవడానికి 1826లో జెనీవా సరస్సు మీద కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. ఒక పడవ నుంచి నీళ్లలోకి గంట వేలాడదీసి కొట్టారు. గంట కొట్టిన క్షణానే పైన తుపాకిమందు వెలిగించారు. 13 కిలోమీటర్ల పైచిలుకు దూరాన రెండో పడవలో కొలాడన్, నీళ్లలో ముంచిన గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నాడు. మంట కనబడ్డాక గంట వినబడేదాకా ఎంతసేపు పట్టిందో లెక్క కడితే, వేగం సెకనుకు సుమారు 1,435 మీటర్లని తేలింది. గాలిలో కంటే నాలుగు రెట్లు పైమాటే.

ఈ సంగతి తిమింగలాలకు మనకంటే ముందే తెలుసు. చీకటి నీళ్లలో చూపు ఆనదు గదా! ఒకదాన్నొకటి పిలుచుకోవాలన్నా, తోటివాటి జాడ తెలియాలన్నా చెవే ఆధారం.

ఆ చెవికి అడ్డం వచ్చింది మన ఓడ. ఓడ అడుగున పంకా జోరుగా తిరిగితే నీళ్లలో బుడగలు పుట్టి వెంటనే చిట్లిపోతుంటాయి. రొద చాలావరకు దానిదే. అది ఎంత పెరిగిందో ఎలా తెలిసిందంటారా? జలాంతర్గాముల జాడ తీయడానికి అమెరికా నౌకాదళం కాలిఫోర్నియా తీరాన సముద్రం అడుగున మైకులు పెట్టింది. 1960 దశకంలో అక్కడ తీసిన లెక్కలను 1994 తరువాతి లెక్కలతో పోల్చితే, బొంగురు శబ్దాలు 10 డెసిబెల్ల దాకా పెరిగాయి. పదే గదా అనుకునేరు, శబ్దశక్తి పది రెట్లయినట్టు!

మిక్సీ తిరుగుతుంటే పక్కగదిలో పిల్లవాణ్ణి ఎలా పిలుస్తాం? గొంతు పెంచి. ఉత్తర అట్లాంటిక్‌లోని రైట్ తిమింగలాలూ అలాంటి పనే చేశాయి. 1956లో రికార్డు చేసిన వాటి పిలుపుల కంటే 2000 నాటి పిలుపుల శ్రుతి పెరిగింది.

మరి లోపల బాధ సంగతి? దానికి రుజువు అనుకోకుండా దొరికింది. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో జంట భవనాలు కూలాక, కొన్నాళ్లు ఓడల రాకపోకలు తగ్గాయి. కెనడాలోని ఫండీ అఖాతంలో ఆ రోజుల్లోనే కొందరు తిమింగలాల పిలుపులు రికార్డు చేస్తున్నారు. మరికొందరు వాటి పేడ (నవ్వకండి) పోగుచేస్తున్నారు. ఆందోళన పడితే ఒంట్లో ఊరే హార్మోనుల ఆనవాళ్లు అందులో దొరుకుతాయి. నీళ్లలో రొద 6 డెసిబెల్లు తగ్గింది, పేడలో ఆ ఆనవాళ్లూ తగ్గాయి. తరువాతి సంవత్సరాల సెప్టెంబరులో మాత్రం అలా తగ్గలేదు. ఈ రెండు లెక్కలూ కలిపి రోజలిండ్ రోలాండ్ బృందం 2012లో ప్రకటించింది. మనుషులు ఏడుస్తున్న రోజుల్లో ఆ జీవాలు కాస్త తెరిపిన పడ్డాయంటే, నాకు మనసు అదోలా అయింది.

పంకా తీరు మార్చమని, వేగం తగ్గించమని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2014లో సూచనలిచ్చింది, 2023లో వాటిని సవరించింది. సూచనలే గాని, పాటించి తీరాలన్న చట్టం కాదు. వలల్లో చిక్కి, ఓడలు తగిలి చచ్చేవి పోగా, ఆ సముద్రంలో రైట్ తిమింగలాలు ఇప్పుడు 400 లోపే మిగిలాయి.