తడకయే గోడకు తల్లి

ఇంటికి కప్పు వేయుదుము. చలివేళ దుప్పటి కప్పుకొందుము. ఈ రెండు మాటలకును మూలమొక్కటే యని తెలిసియు అందు వింత యేమియు మనకు తోచలేదు. తోచినది, నూటడెబ్బది యేండ్ల క్రిందట, గాట్‌ఫ్రీడ్ సెంపర్ అను జర్మన్ వాస్తుశిల్పికి, తన భాషలోని మాటలను చూచినప్పుడు. ఆ భాషలో గోడ ‘వాండ్’, వస్త్రము ‘గెవాండ్’. గది లోకప్పును, దుప్పటియు రెండును ‘డెక్కె’యే. మనుష్యుడు ఒంటికి బట్ట నేసికొనుటకు ముందే ఇంటికి బట్ట నేసినాడనియు, గోడ యనునది పుట్టుకచేత రాతిపని గాదు, అల్లికపని యనియు ఆతడు సిద్ధాంతము చేసినాడు. తెలుగు వచ్చియుండిన యెడల, ఆ పెద్దమనిషి ‘కప్పు’ను మరి రెండు పుటలలో విస్తరించి యుండును.

సెంపర్ 1803లో హాంబుర్గున పుట్టినాడు. ఇటలీ, గ్రీసు దేశములు తిరిగి వచ్చి, పాలరాతి తెల్లదనమునకు పేరొందిన గ్రీకు ఆలయములు ఒకప్పుడు రంగులు పూసికొని వెలిగినవని వాదించి పండితులతో తగవు తెచ్చుకొన్నాడు. 1834లో డ్రెస్డెనులో ఆచార్యుడై, 1841 నాటికి ఆ నగరమునకు రాజోచితమైన సంగీతనాటకశాలను కట్టి యిచ్చినాడు. అట్టి రాజాశ్రయము గలవాడు 1849 మే నెలలో, సంగీతకర్త వాగ్నర్‌తో పాటు, తిరుగుబాటుదారులలో కలిసినాడు. కలిసి యూరకుండక, వీధులకడ్డముగా జనులు పేర్చిన దిమ్మెలు గట్టిగా లేవని వానిని శాస్త్రోక్తముగా కట్టించినాడు. తిరుగుబాటు అణగిన పిదప ప్యారిసుకును, అటనుండి లండనుకును పరుగెత్తవలసివచ్చినది. ఆతని నాటకశాల 1869లో కాలిపోగా, డ్రెస్డెను పౌరులు ఆ పరారియైన వానినే మరల కోరినారు. నక్షా తండ్రిది, నిలబడి కట్టించినవాడు కొడుకు మాన్‌ఫ్రెడ్.

లండనులో దిక్కులేక తిరుగుచున్న ఆ కాలముననే, 1851 నాటి మహాప్రదర్శనము జరిగినది. స్ఫటికసౌధమున ప్రపంచపు సామగ్రి యంతయు కుప్పవోసిన యా సంతలో, పొట్టకూటికి కొన్ని దేశముల అంగళ్ల అలంకరణ ఒప్పుకొన్న సెంపర్‌ను నిలువబెట్టినది యంత్రము గాదు, ట్రినిడాడు ద్వీపమునుండి తెచ్చిన యొక గుడిసె. నడుమ పొయ్యి, క్రింద గద్దె, గుంజలమీద కప్పు, చుట్టును చాప. ఆ యేటనే వెలువడిన ‘వాస్తుకళయందలి నాలుగు మూలకములు’ అను గ్రంథములో తాను చెప్పిన నాలుగును ఆతనికి అచ్చట కన్నులయెదుట నిలిచినవి. ఒక్కొక్క మూలకమునకు ఒక్కొక్క పని తోడు: పొయ్యికి మంటితోను లోహముతోను చేయు పని, గద్దెకు రాతిపని, కప్పునకు కొయ్యపని, గోడకు నేత. ఇది చదివిన మన ప్రాంతపువానికి, కుమ్మరి, కమ్మరి, ఒడ్డెర, వడ్ల, సాలె, మేదరి యని తన ఊరి వాడలు వరుసగా కన్నులలో మెదలుట సహజము.

ఈ సిద్ధాంతమును పుస్తకములో చదివి సగము నమ్మి, సగము నవ్వుకొన్న నేను, ఉట్నూరు దాపున నొక కోలాము గూడెములో దానిని చేతులతో చేయుచుండగా చూచితిని. నేలలో పాతిన గుంజలనడుమ ఒక ముసలివాడు పచ్చివెదురు బద్దలను, ఒకటి ముందునుండి, ఒకటి వెనుకనుండి, చొప్పించుచు పోవుచున్నాడు. మూడు నాలుగు వరుసలైనంతనే అరచేతితో పైనుండి తట్టి బిగించుచున్నాడు. సిరిసిల్ల మగ్గముముందు కూర్చున్న సాలెవాడు పేకను పలకతో కొట్టు తీరు అదియే. గుంజలు పడుగు, బద్దలు పేక. తడక ముగిసిన పిమ్మట, పొట్టు కలిపి త్రొక్కిన మట్టిని అతని ఇంటి ఆడువారు లోనను వెలుపలను మెత్తినారు. ఎండిన పిదప పేడతో అలికి, అడుగున జాజు పట్టె తీయుదురు. తడక కంటికి కనబడదు. గోడయనిపించుకొనునది ఆ మట్టి. సెంపర్ చెప్పినదియు నిదియే: రంగు గోడకు కట్టిన కట్టకడపటి, మిక్కిలి పలుచనైన చీర.

1855లో సెంపర్ జూరిక్ సాంకేతిక విద్యాలయమున ఆచార్యుడై, ‘శైలి’ యను మహాగ్రంథమును 1860లోను 1863లోను రెండు సంపుటములుగా ప్రకటించినాడు. అందలి మొదటి సంపుటమంతయు నేత గూర్చియే. ఒక పదార్థమున పుట్టిన రూపము మరియొక పదార్థములోనికి పోయినను పాత జ్ఞాపకమును విడువదని ఆతని వాదము. కాకతీయుల ఆలయములలో ద్వారమున కిరుప్రక్కల నిలిచిన రాతి జాలకములను చూచినవారికి దీనికి వేరు సాక్ష్యమక్కరలేదు. నల్లరాతిలో తొలిచినది వెదురు తడకయే. కరీంనగరు అవుసలి వెండిని సన్నని తీగెలుగా తీసి, రెంటిని మెలివేసి, ఆకులుగా, పూవులుగా చుట్టి గంధపుపెట్టె చేయును. లండనులో లోహపుపని నేర్పిన సెంపర్ ఆ పెట్టెను చేతబట్టియుండిన, వెండిని గాక నూలును చూచియుండును.

వియన్నా వలయవీథిలోని జంటప్రదర్శనశాలలు సెంపర్, హాసెనావర్ కలిసి రచించినవి. అవి పూర్తికాకముందే, 1879లో సెంపర్ రోమునగరమున మరణించినాడు. ఆ వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫు, 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమురం భీము నేలకొరిగిన పిదప గోండుల కష్టములను విచారింప నిజాము ప్రభుత్వముచే పంపబడి, ఆదిలాబాదు అడవులకు వచ్చినాడు. సెంపర్ రాతికట్టడములనడుమ పెరిగినవాడు మార్లవాయిలో భార్య బెట్టీతో మట్టి మెత్తిన గుడిసెలో కాపురముండి, 1943లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము తెరపించినాడు. ఉస్మానియాలో ఆచార్యుడును అయినాడు. 1987లో మరణించిన బెట్టీ సమాధి ఆ యూరిలోనే యున్నది.

నాలుగు మూలకములలో పొయ్యియే ప్రథమమనియు, అది ఇంటికి ధర్మకేంద్రమనియు సెంపర్ అన్నాడు. పుష్యమాస అమావాస్యకు కేస్లాపూరు నాగోబా జాతరలో గోండులలోని మెస్రము వంశీయులు ఎందరు వచ్చినను, గోవాడ యను ఆవరణలో వండుట 22 పొయ్యిలమీదనే. ఆ సంఖ్య పెరుగదు, వంతులు పెరుగును. తన మాట కింతకన్న బలమైన యుదాహరణము ఆతనికి ఐరోపాలో దొరకియుండదు.

ఐనను ఆచార్యుడు కొంత అతిగా లాగినాడని నా యభిప్రాయము. కొండచరియలో తలదాచుకొన్నవాడు ఏ చాప నేసినాడు? పైగా ఆతడు స్వయముగా కట్టినవన్నియు కొండంత రాళ్లు. తడక సిద్ధాంతమును తడకతో నిరూపించు ధైర్యము ఏ రాజును ఆతనికీయలేదు కాబోలు.

ఆ గూడెమునకు నేను మరల పోయినప్పుడు, ముసలివాని తడక యున్నచోట సిమెంటు ఇల్లు లేచియున్నది. ఇంటి వెనుక, పొయ్యి చుట్టును, అతడు క్రొత్త బద్దలతో చిన్న తడక నొకదానిని కట్టుకొన్నాడు. ఇది యేల యని అడిగితిని. ‘పొగ పోవద్దా?’ అన్నాడు.