పట్టాల పక్కన మట్టి: బిలాస్‌పూర్ వరి నేలల సింహావలోకనం

1891 నాటికి బెంగాల్ నాగపూర్ రైల్వే పట్టాలు నేటి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ మీదుగా సాగాయి. ఆ లైను వెంట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు పనికోసం వచ్చి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. ఊరి చరిత్ర అనగానే జంక్షన్ గురించీ, ఈ ఊరు కేంద్రంగా 2003లో ఏర్పడ్డ ఆగ్నేయ మధ్య రైల్వే గురించీ చెప్పుకుంటాం. పట్టాల పక్కనున్న వరి మళ్ల మాట ఎవరూ ఎత్తరు. నన్నడిగితే ఈ ప్రాంతపు అసలు సంపద అక్కడే ఉంది.

ఇక్కడి రైతు నేలను భాఠా, మటాసీ, దోర్సా, కన్హార్ అని నాలుగు పేర్లతో గుర్తిస్తాడు. గులకరాళ్ల నేల మొదటిదైతే, నల్లరేగడి చివరిది. తరతరాలుగా వరి విత్తనం వెదజల్లి, నెల దాటాక మడిలో నీరు నిలిచినప్పుడు మొక్కల మధ్యే నాగలి తోలతారు. దీన్ని బియాసీ అంటారు. చూసేవాళ్లకు పైరును తొక్కేస్తున్నట్టే ఉంటుంది. వరి తేరుకుంటుంది, కలుపు మాత్రం బురదలో కుళ్లి సూక్ష్మజీవులకు తిండి అవుతుంది. మరో పద్ధతి ఉతేరా. కోతకు రెండు మూడు వారాల ముందు, నిలబడ్డ వరిలోనే తివరా అనే పప్పు గింజలు చల్లుతారు. కన్హార్‌లో మిగిలిన తేమతోనే ఆ పప్పు పంట పండుతుంది. ఒక తివరా మొక్కను పీకి, వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు కనిపిస్తే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టే. ఈ పప్పు ఎక్కువ తింటే కాళ్లు పడిపోయే జబ్బు వస్తుందని దానికి చాలాకాలం చెడ్డపేరు ఉండేది. రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విషపదార్థం బాగా తక్కువగా ఉండే ప్రతీక్, మహాతివరా రకాలను తెచ్చింది.

రైలు వచ్చాక గింజలు దూరదేశాలకు వెళ్లాయి. వాటితోపాటు నేల సారమూ వెళ్లింది. దేశమంతా తిరిగి చూసిన బ్రిటిష్ వ్యవసాయ రసాయన శాస్త్రవేత్త వోల్కర్ 1893 నాటి నివేదికలో ఆ సంగతే రాశాడు: నూనెగింజలూ ఎముకలూ ఓడలెక్కుతున్నాయి, వంటచెరకు లేక పేడ పొయ్యిలోకి పోతోంది. పేడను పిడక చేయకుండా గోతిలో వేయాలంటే ముందు ఇంటికి కట్టెలు కావాలి. ఇంత సూటిగా కారణాన్ని పట్టుకున్న నివేదికలు తర్వాత కూడా తక్కువే.

ఆ కాలం నుంచే శాస్త్రం కూడా నేల లోపలికి చూడసాగింది. 1888లో డచ్ శాస్త్రవేత్త బైజెరింక్ వేరు బుడిపెల బాక్టీరియాను విడదీశాడు. 1924లో ఇందోర్‌లో పరిశోధనా సంస్థ పెట్టిన హోవర్డ్, రైతుల పద్ధతులను చూసి నేర్చుకుని కంపోస్టును శాస్త్రంగా మలిచాడు. 1939లో పి.కె. డే వరి మడి నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు నత్రజనిని స్థిరీకరిస్తుందని చూపాడు. ఎరువు వేయకుండానే ఏటేటా అదే మడిలో వరి ఎలా పండుతోందన్న ప్రశ్నకు అందులో పెద్ద జవాబే ఉంది.

తర్వాత యూరియా వచ్చింది. ఆకలి రోజుల్లో దాని అవసరాన్ని నేను తోసిపుచ్చను. మన రామగుండంలాగే బిలాస్‌పూర్ పక్కనున్న కోర్బాలోనూ బొగ్గుతో యూరియా తయారుచేసే కర్మాగారం తలపెట్టారు, అది ఉత్పత్తి దాకా రాలేదు. బస్తాలు మాత్రం రైలు వ్యాగన్లలో వచ్చాయి. 1992లో భాస్వరం, పొటాష్ ఎరువుల ధరలపై నియంత్రణ ఎత్తేసి యూరియాను చౌకగానే ఉంచడంతో రైతు చెయ్యి అటే మొగ్గింది. నత్రజని దండిగా దొరికితే పప్పుమొక్క బుడిపెలు కట్టడం తగ్గిస్తుంది. పేడా ఆకూ అలమూ పడని నేలలో సూక్ష్మజీవులకు కర్బనం కరువవుతుంది. రైజోబియం, అజోస్పైరిల్లం వంటి నత్రజని బాక్టీరియా ప్యాకెట్లు అమ్మకానికి వచ్చినా, 45 డిగ్రీల ఎండలో కొట్టు అరమీద మగ్గిన ప్యాకెట్టులో ప్రాణం మిగలడమే కష్టం. బతికిన కాస్తా తిండి లేని నేలలో ఎంతకాలం నిలుస్తుంది?

2020 జులై 20న, హరేలీ పండుగ రోజున, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కిలో 2 రూపాయలకు పేడ కొనడం మొదలుపెట్టింది. మహిళా సంఘాలు దానితో వర్మికంపోస్టు చేశాయి. ఇంటింటి పెంటగోతికి, అంటే ఇక్కడివాళ్ల ఘుర్వాకు, మళ్లీ విలువ వచ్చింది. కానీ ఆ పథకం సర్కారు కొనుగోలు మీదే నిలబడింది. 2023 చివర ప్రభుత్వం మారాక చప్పబడింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్యం వేరే దారి పట్టింది. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపిన జీవామృతాన్ని రైతు ఇంటి దగ్గరే తయారుచేసుకుంటాడు. తొలకరికి ముందే పలురకాల విత్తనాలు చల్లి నేలను పచ్చగా ఉంచుతారు. నాకు ఈ రెండో పని మీదే ఎక్కువ నమ్మకం. బతికున్న వేరు స్రవించే చక్కెరలే నేలలోని సూక్ష్మజీవులకు నిత్యం అందే ఆహారం.

బిలాస్‌పూర్ పల్లెల్లో నేలను ఇలా పచ్చగా ఉంచడానికి పెద్ద అడ్డు విత్తనం కాదు, ఎరువు కాదు. వరి కోసేయగానే పశువులను ఊరి పొలాల మీదికి వదిలేస్తారు. పక్కవాడి ఆవులు మేసిపోతాయని తెలిసిన రైతు తివరా ఎందుకు చల్లుతాడు? 2020 జూన్‌లో పశువులను కట్టడి చేయడానికి రోకా-ఛేకా పేరుతో ఊళ్లు తీర్మానాలు చేసుకున్నది వానాకాలపు పైరు కోసం. అదే కట్టుబాటును చలికాలం చివరిదాకా పొడిగిస్తే మళ్లో ఉతేరా బతుకుతుంది, కొట్టంలో పడ్డ పేడ ఘుర్వాకు చేరుతుంది. అందుకు డబ్బుకన్నా ముందు కావలసింది ఊరంతా కూర్చుని ఒప్పుకోవడం, మేపడానికి మనిషిని పెట్టడం, వరిగడ్డిని మళ్లో తగలబెట్టకుండా పశువుల కోసం దాచడం.