కోయని కత్తి కథ

తెలుగులో కత్తికి పేర్ల కొదువ లేదు. ఖడ్గము, అసి, కరవాలము, చంద్రహాసము సంస్కృతం నుండి వచ్చి చేరగా, అడిదము, వాలు మొదలైనవి మన సొంత సొమ్ము. (అడిదము సూరకవి ఇంటిపేరులో ఉన్నది ఆ అడిదమే.) కత్తి అవయవాలకూ పేర్లున్నవి. పట్టుకొనేది పిడి, కోసేది వాదర, పొడిచేది మొన, దాచేది ఒర. ఇంత సంపద గల భాషలో కోయని కత్తికి, అనగా ఎవరినీ గాయపరచకుండా పోరాడడానికే చేసిన కత్తికి, ప్రత్యేక నామం నాకు కనబడలేదు. కర్రకత్తి, ఆటకత్తి, ఉత్తుత్తి కత్తి అంటూ విశేషణాలు తగిలించి సరిపెట్టుకొన్నాము. పేరు లేనిదానికి చరిత్ర ఉండదని అనుకొంటాము కాబోలు. నిజానికి మన పల్లెలలో ఎక్కువ కాలం బ్రతికినది ఆ పేరు లేని కత్తియే.

అసలు కత్తి సంగతి ముందుగా చూద్దాము. శ్రమ శబ్దమే మారి 'సాము' అయినది. చెమటోడ్చి చేసే అభ్యాసమని అర్థం. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూచిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, కృష్ణదేవరాయలు తెల్లవారక మునుపే ఒళ్ళంతా నూనె పట్టించుకొని, బరువులెత్తి, ఆ నూనె చెమటతో కారిపోయేదాకా కత్తి తిప్పి, ఆపైన కుస్తీ పట్టేవాడని వ్రాసినాడు. మరి పదిహేనేండ్లకు అదే నగరాన్ని గూర్చి వ్రాసిన నూనిజ్ ద్వంద్వయుద్ధాల ముచ్చట చెప్పినాడు. మంత్రి అనుమతి పొందనిదే ఎవరూ ద్వంద్వానికి దిగరాదు. అడిగితే అనుమతి వెంటనే దొరికేది. పోరాడినవారికి గొప్ప గౌరవం, చచ్చినవాని ఆస్తి గెలిచినవానికి.

ఒకటి చెమట కోసం, ఒకటి చావు కోసం. ఆట కోసం పోరాడడం ఈ రెంటికీ చెందనిది. దానికి వేరే కత్తి కావాలి.

ఉక్కు సంగతికి వస్తే, మన తెలంగాణ దానికి పుట్టినిల్లు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరగించిన ఉక్కుముద్దలు పారసీక దేశం దాకా పోయి అక్కడ ఖడ్గాలయినవి. లాంబ్టన్ సర్వే బృందంలో వైద్యుడూ భూగర్భ శాస్త్రవేత్తా అయిన వాయిసీ ఆ కొలుములను చూచి వ్రాసిన వివరణ, అతడు పోయిన తరువాత, 1832లో కలకత్తా ఏసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఆ ఊరిలో ఉక్కు కొనడానికి ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుడు ఆయనకు ఎదురైనాడట! అంత దూరం నుండి మనిషి వచ్చి మూసల పక్కన కాచుకొని కూర్చున్నాడంటే ఆ సరుకు విలువ ఊహించవచ్చును. ఆ కొలుములు చల్లారి ఎన్నో ఏండ్లయినది. కత్తులు కోటలలోను, ప్రదర్శనశాలలలోను మిగిలినవి. పల్నాటి కారెంపూడిలో వీరుల ఆయుధాలను కొణతాలని పిలుస్తూ ఏటేటా పూజిస్తారు. స్వతంత్ర భారతంలో 1959 ఆయుధ చట్టం, 1962 నియమాలు కత్తిని అంగుళాలలో కొలిచినవి. ఇంటి పనికి, సేద్యానికి, పరిశ్రమకు, శాస్త్ర పరిశోధనకు ఉద్దేశించినవి కాక, అలుగు 9 అంగుళాల కంటె పొడవుగాని 2 అంగుళాల కంటె వెడల్పుగాని ఉన్నచో అది ఆయుధాల పట్టికలో చేరినది.

అయితే ఊళ్ళలో కత్తియుద్ధాలు ఆగలేదు. యక్షగానం ఆడిన ప్రతి రాత్రీ జరిగినవి. చెర్విరాల భాగయ్య రచనలు ఆడని పల్లె మా ప్రాంతంలో అరుదు. 2016లో సిద్దిపేట జిల్లా ఏర్పడినది గాని, అంతకు ముందు మా రాయపోల్ మెదక్ జిల్లాలోనిది. ఆ రోజులలో మా వైపు వేషగాండ్ల సందూకులో రెండు జాతుల కత్తులు ఉండేవి. రాజు ఒరలో వ్రేలాడదీసి సభలో కూర్చుండేది ఒకటి, యుద్ధంలో దూసేది ఒకటి. మొదటిది పొణికి కర్రది. నిర్మల్ బొమ్మలకు, కొండపల్లి బొమ్మలకు వాడే కర్రయే. దూదివలె తేలిక, బాడిశకు వెన్నవలె లొంగుతుంది, రంగు బాగా పట్టుతుంది. కిరీటాలకు, భుజకీర్తులకు దానిని మించినది లేదు. కాని ఒక్క దెబ్బకు విరుగుతుంది. అందుచేత యుద్ధపు కత్తిని ఊరి వడ్లాయన ఎండిన తుమ్మతోనో వేపతోనో చేసేవాడు. చెక్కలోని చారలు పిడి నుండి మొన దాకా తెగకుండా సాగాలి, నడుమ ముడి ఉండరాదు. అంచు గుండ్రముగా, మొన మొద్దుగా ఉండాలి. పిడికి నాలుగు వేళ్ళ ఎడంలో వేలిపై నిలిపితే ఒరగకుండా నిలవాలి. మొన బరువైతే కొట్టబోయిన చేయి ఆగదు. పైన వెండి కాగితం అంటిస్తే పెట్రోమాక్స్ వెలుగులో అది కోనసముద్రం ఉక్కును మించి మెరిసేది!

దెబ్బ తాళం మీద పడేది. ఎదుటివానికి అది ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. నూనిజ్ చెప్పిన ద్వంద్వానికీ దీనికీ భేదమంతా అక్కడే ఉన్నది. వెండితెర మీద కత్తి కాంతారావు గారు చేసినదీ ఈ విద్యయే. 'గురువును మించిన శిష్యుడు' (1963) వంటి జానపదాలలో ఆయన కత్తి పట్టిన తీరు చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఇక వెలుగు కత్తి. 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చిత్రంతో అది లోకమంతా ప్రాకినది. 2019లో ఫ్రాన్సు ఖడ్గక్రీడా సమాఖ్య దానిని పోటీ క్రీడగా గుర్తించినది. బంధువుల పిల్లల చేతులలో దానిని చూచి ఇదేదో అంతరిక్ష విద్య అనుకొన్నాను. తరచి చూడగా తేలినదేమనగా, ఆ మొదటి చిత్రంలో కథానాయకుని కత్తి పిడి పాత కెమెరా ఫ్లాషు పిడి. అలుగు, వెలుగును తిప్పికొట్టే పూత పూసిన కర్ర, మోటారుతో తిరిగేది. కర్రకు మెరుపు అంటించుట మా వేషగాండ్లకు తెలియని విద్యా?

నేటి వెలుగు కత్తులలోనూ అవే రెండు జాతులు. గొట్టం పొడవునా దీపాల పట్టీ ఉన్నవి చూడ ముచ్చటైనవి, వెలుగు పిడి నుండి మొన దాకా ప్రవహిస్తుంది. కాని గట్టి దెబ్బలకు లోపలి పట్టీ చెడుతుంది. దీపం పిడిలోనే ఉండి, గొట్టం ఖాళీగా ఉన్నవి అంత అందగించవు గాని కొట్లాటకు నిలుస్తాయి. ఒకటి పొణికి, ఒకటి తుమ్మ. రోజూ పోరాడదలచినవారు రెండవదే కొనాలని నా అభిప్రాయం, అమ్మేవారు మొదటిదే చూపుతారు. గొట్టం పాలికార్బొనేటుది, మందమైనది కావాలి. స్వయంగా కూర్చుకొనేవారు అల్యూమినియం పిడిలో బ్యాటరీని క్రింది వైపునకు దింపి బిగిస్తే మొన తేలిక పడుతుంది. గొట్టాన్ని పట్టి ఉంచే మరను ప్రతి ఆటకు ముందు చూడాలి. వదులైతే గొట్టం ఎగిరి ఎవరి ముఖానికైనా తగులుతుంది. తుడవడానికి సబ్బు నీళ్ళు చాలు, అసిటోన్ తగిలితే పాలికార్బొనేటు పగుళ్ళు బారుతుంది. వాడని నెలలలో బ్యాటరీ తీసి పెట్టాలి. పగులు కనబడిన గొట్టాన్ని అతికించి వాడరాదు, మార్చవలసినదే.

వేషగాండ్లదీ అదే నియమం. బీట వారిన కత్తిని మరునాటి ఆటకు ఎత్తేవారు కారు. పొయ్యిలో పెట్టేవారు, కాగితం మాత్రం ఒలిచి దాచుకొని. నిలువ ఉంచేవాటికి వానకాలం ముందు నూనె పట్టించి, గుడ్డలో చుట్టి, గోడకు ఆనించకుండా పడుకోబెట్టేవారు. ఆనించినది వంగుతుంది. మా వైపు ఆ సందూకులు ఇప్పుడు తెరిచేవారు తక్కువ. వడ్లాయన దగ్గర తుమ్మకత్తి చేయించుకొన్నవారిని వ్రేళ్ళపై లెక్కింపవచ్చును.

ఉత్తరాంధ్ర తూర్పు భాగవతులు, రాయలసీమ వీధినాటకాలవారు, సురభి వారు ఈ కత్తిని ఏమని పిలుస్తారో ఎరిగిన బ్లాగ్మిత్రులు తెలుపగలరు. నిఘంటువులలో లేని పేరు నాటకాలవారి నోట ఎక్కడైనా ఉండి ఉండవచ్చును.