వికేంద్రీకృత వెర్షన్ కంట్రోల్: చరిత్ర ఎవరి దగ్గర ఉండాలి?

సి.పి. బ్రౌన్ ఊరూరి నుంచి వేమన పద్యాల తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత పాఠాంతరాలు పోల్చి చూపించి, 1829లో అచ్చు వేయించాడని మీకు తెలుసు. ఒక ప్రతిని చెదలు తిన్నా మరో ఊరి ప్రతి మిగిలింది కాబట్టే ఆ పని సాగింది.

కంప్యూటర్ ప్రోగ్రాముల మార్పులను భద్రపరచే పద్ధతులు 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రూపొందించిన ఎస్‌సీసీఎస్‌తో మొదలయ్యాయి. తరువాతి సీవీఎస్, సబ్‌వర్షన్‌లలో చరిత్రంతా సాధారణంగా ఒక సర్వరులో ఉండేది. మీ దగ్గర ఉండేది తాజా ప్రతి మాత్రమే. కొత్త మార్పు నమోదు చేయాలంటే సర్వరు పలకాలి. అడంగల్ కోసం తహసీల్దారు కార్యాలయానికి వెళ్లడం లాంటిదే.

లైనక్స్ కెర్నెల్ బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుకుంది. 2005లో ఆ అనుమతి రద్దయింది. (ఉచితంగా ఇచ్చినవాడు వెనక్కి కూడా తీసుకోగలడు!) ఏప్రిల్ 3న లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ 7కల్లా గిట్ తన కోడును తానే భద్రపరచుకుంది. అదే నెలలో మాట్ మాకల్ మెర్క్యురియల్‌ను ప్రకటించాడు. ఇవే మొదటివి కావు. మోనోటోన్, డార్క్స్ అంతకు ముందే ఉన్నాయి. అయితే చరిత్ర మొత్తం ప్రతివారి యంత్రంలోనూ ఉండే పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది వీటితోనే.

వేలమంది కోసం పుట్టిన ఈ పద్ధతి ఒంటరిగా పనిచేసేవారికే ఎక్కువ మేలు చేసిందని నా అభిప్రాయం. సోమందేపల్లెలో వేరుశనగ తూకం లెక్కలకు చిన్న ప్రోగ్రాం రాసుకునే విద్యార్థినే తీసుకోండి. ఫోల్డరులో ‘గిట్ ఇనిట్’ అన్న ఒక్క ఆదేశం చాలు. సర్వరు అక్కరలేదు. సిగ్నలు లేని సాయంత్రం కూడా కమిట్ చేయవచ్చు. నిన్న నడిచిన ప్రోగ్రాం ఈ రోజు ఎందుకు ఆగిందో రెండు కమిట్‌లను పోల్చి చూసుకోవచ్చు. ‘చివరిది’, ‘చివరిది2’, ‘అసలు చివరిది’ అని ఫైళ్లు దాచుకునే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. వాటిలో మారిన కోడు దొరుకుతుంది గాని, ఎందుకు మార్చారో దొరకదు. కమిట్ సందేశం ఉన్నది ఆ కారణం రాయడానికే. తెలుగులోనే రాయండి, గిట్‌కు అభ్యంతరం లేదు.

కాని చరిత్రంతా ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటే అది ఒంటరి తాళపత్ర ప్రతి. డిస్కు పాడైతే కమిట్‌లన్నీ దానితోనే పోతాయి. పెన్‌డ్రైవ్‌లో ఒక క్లోన్, హిందూపురంలోని స్నేహితుని కంప్యూటరులో మరొకటి పెట్టండి. మామూలు క్లోన్‌లో మొదటి కమిట్ నుంచీ అంతా ఉంటుంది. 2008లో మొదలైన గిట్‌హబ్‌లో ఉంచినా మంచిదే గాని, అదొక్కటే ఆధారమైతే మళ్లీ పాత సర్వరు దగ్గరికి చేరినట్లే. తరువాత చేసే కమిట్‌లు ఆ క్లోన్‌లలోకి వాటంతట అవి వెళ్లవు, మీరే పంపాలి.