నాయనమ్మ ఎర్రపూసలు

దరియాలతిప్పలో రాయి పుట్టదండీ. గౌతమి గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు, ఇసుక తప్ప ఏముందక్కడ? రుబ్బురోలైనా ఎగువనుంచి రావాల్సిందే. అందుకే బలపం రాయి ముక్క దొరికితే పిల్లలం వదిలేవాళ్ళం కాదు. తడి గచ్చు మీద అరగదీసి, మేకుతో బెజ్జం పొడిచి, చింతపిక్కంత పూస చేసేవాళ్ళం. కొబ్బరినూనె రాస్తే నిగనిగలాడేది.

ఆ ధీమాతోనే ఓసారి నాయనమ్మ ఎర్రపూస గచ్చుకేసి రుద్దాను. పూసకేం కాలేదు. గచ్చు మీద గీత పడింది, నా వీపు మీద దెబ్బ పడింది. "ఫ్రాన్సు పూసల్రా అవి!" అని ఒకటే కేకలు.

అవి గార్నెట్లని తర్వాత తెలిసింది. గట్టిదనం కొలతలో బలపం 1 అయితే ఇది 7. సానపట్టడానికి కురువిందం పొడిలాంటిది కావాలి. (ఇంగ్లీషువాళ్ళ 'కోరండం' కూడా మన దక్షిణాది మాటే.)

పాండిచ్చేరిలో స్థిరపడ్డాక పక్కనే ఉన్న అరికమేడు చూశాం. 1945లో మార్టిమర్ వీలర్ తవ్వించిన చోటు, రెండువేల ఏళ్ళనాడు రోము సరుకు దిగిన రేవు. పూర్తయిన రాతిపూసలతోపాటు సగం చెక్కినవీ దొరికాయక్కడ. అంటే పనివాళ్ళు అక్కడే కూర్చుని చేశారన్నమాట. అక్కడి గార్నెట్లను పరిశోధకులు రసాయన గుణాన్ని బట్టి, లోపలి మచ్చల్ని బట్టి తెలంగాణలో కొత్తగూడెం దగ్గరి గరీబుపేట రాళ్ళతో జతకలిపారు. ఆ ప్రాంతపు వాగుల నీళ్ళు చివరికి గోదావరిలోనే కలుస్తాయి.

ఫ్రాన్సు పేరు చెప్పుకుని మురిసిన మా ఇంట్లో, అలాంటి రాయి మన నదికి ఎగువనే పుడుతుందని ఎవరికీ తెలీదు. నేను రుద్దిన పూస ఇప్పుడు అక్క దగ్గరుంది.