గాజుకన్ను చాటున దాగిన గోళం

గాజుకన్ను అనగానే పైకి కనిపించే నల్లగుడ్డు, తెల్లగుడ్డు మాత్రమే మనకు స్ఫురిస్తాయి. నిజానికి అది పలుచని పెంకు. దాని వెనుక, కంటిగుంతలో శరీరపు పొరల క్రింద, శస్త్రవైద్యుడు అమర్చిన గోళం ఒకటి ఉంటుంది. తీసివేసిన కంటి చోటును నింపేది, పెంకుకు కాస్త కదలికనిచ్చేది అదే. ఈ గోళపు చరిత్రలో చాలా భాగం, అది బయటపడకుండా కాపాడడానికి పడిన పాట్లే.

1884లో ఇంగ్లండులోని మాంచెస్టరు వైద్యుడు ఫిలిప్ హెన్రీ మ్యూల్స్, కంటి లోపలి పదార్థాన్ని తొలగించి, మిగిలిన తెల్లపొర సంచిలో బోలు గాజుగోళం ఉంచి కుట్టివేశాడు. రూపం బాగుపడింది గాని, కొందరిలో కుట్లు విడి గోళం వెలికివచ్చింది.

1940 దశకంలో అమెరికాలో కట్లర్ మొదలైనవారు మరొక అడుగు వేశారు. గోళాన్నీ పెంకునూ చిన్న మేకుతో కలిపితే కన్ను సహజంగా కదులుతుందని వారి ఆశ. అందుకోసం గోళంలో కొంత భాగాన్ని పొర కప్పకుండా వదిలారు. కన్ను ముచ్చటగానే కదిలింది. అయితే తెరిచిన ఆ ద్వారం గుండా చీము చేరింది, గోళాలు ఊడివచ్చాయి. కొద్ది సంవత్సరాలలోనే ఆ పద్ధతిని విడిచిపెట్టవలసి వచ్చింది. కోరిక మంచిదే, కాని కప్పులేని గోళాన్ని శరీరం ఎంతోకాలం సహించలేదు.

1985లో అమెరికాలోని శాన్ డియాగో వైద్యుడు ఆర్థర్ పెర్రీ, సముద్రపు పగడం నుండి తయారైన గోళాన్ని వాడాడు. దాని సన్నని రంధ్రాలలోకి రక్తనాళాలు పెరిగి, గోళం శరీరంలో భాగంలా నాటుకుంటుంది. ఇక చింత లేదనుకున్నారు. గరుకైన ఉపరితలం పైపొరను ఒరిసి చిల్లు పెట్టడం అప్పుడు తెలిసింది.

ఆ చిల్లును పూడ్చడం బట్ట కుట్టినంత సులువు కాదు. మరీ చిన్నదైతే, పెంకు ఒత్తిడిని తగ్గించి కొంతకాలం కనిపెట్టి చూస్తారు. పెద్దదైతే, అంచులను లాగి కుట్టినంత మాత్రాన బిగువుకు మళ్ళీ విడిపోతుంది. కనుక గరుకుతలాన్ని అరగదీసి, అంచులను వదులుచేసి, నడుమ మాసిక వేస్తారు. ఆ మాసిక రోగి కణత కండరంపై ఉండే పొర కావచ్చు, అంగిలి పొర కావచ్చు, మరణానంతరం దానమిచ్చిన కంటి తెల్లపొర కావచ్చు. నేత్రదానమంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర ఒక్కటేనని తలచేవారు ఈ సంగతి గమనించాలి. దానపు పొరకు సొంత రక్తప్రసారం ఉండదు. కాబట్టి దానిపై రోగి సజీవమైన పొర కప్పితేనే నిలుస్తుంది.

లోపలికి చీము చేరితే మాసిక పనికిరాదు, గోళాన్నే తీయాలి. చూపులేని కన్నే గదా అని ఊసులనూ తడినీ దాచుకొని ఆలస్యం చేసేవారికి చివరకు ఇదే గతి అవుతుంది. అటువంటివారికి రోగి శరీరం నుండే చర్మపు లోపలి పొరను కొవ్వుతో సహా తీసి గుంతలో అమర్చే విధానం ఉంది. దీనిని 1978లో అమెరికా వైద్యులు స్మిత్, పెట్రెల్లి ప్రకటించారు. పసిపిల్లలలో ఆ కొవ్వు బిడ్డతో పాటు పెరుగుతుంది కూడా.