బొమ్మకీ ఓ డిజిటల్ తాళం.. అసలేంటీ ‘కీ ఫైల్’? మన ట్యాప్ కార్డు సేఫేనా?

చిన్న బొమ్మను గేమ్ కంట్రోలర్‌కు తాకిస్తే చాలు.. గేమ్‌లో కొత్త ఫీచర్ తెరుచుకుంటుంది. జపాన్ కంపెనీ నింటెండో 2014లో తెచ్చిన ‘అమీబో’ బొమ్మలు పనిచేసేది ఇలాగే. కొమరోలు షాపుల్లో ఈ బొమ్మలు కనిపించకపోవచ్చు కానీ, వీటిలో ఉన్న ఎన్‌ఎఫ్‌సీ టెక్నాలజీయే మన జేబులోని ట్యాప్ కార్డులోనూ ఉంది. మరి బొమ్మను కాపీ చేసినట్టే కార్డునూ చేసేస్తారా?

బొమ్మలో ఏముంటుంది?
అడుగున ఎన్‌టాగ్215 అనే చిప్ ఉంటుంది. మెమరీ 540 బైట్లే. బ్యాటరీ ఉండదు, రీడర్ పంపే 13.56 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతోనే నడుస్తుంది. ప్రతి చిప్‌కూ ఫ్యాక్టరీలోనే ఓ ప్రత్యేక నంబర్ వేస్తారు.

కీ ఫైల్ అంటే?
ఇది 160 బైట్ల రహస్య సమాచారం. ఇందులో రెండు భాగాలు. ఒకటి ఆటగాడి డేటాను చదవడానికి, రాయడానికి. రెండోది ఆ బొమ్మ అసలైనదో కాదో తేల్చడానికి. ఈ కీతో చిప్ నంబర్ కలిపి ఆ బొమ్మకు మాత్రమే సరిపోయే తాళం తయారవుతుంది. అందుకే డేటాను ఇంకో ఖాళీ చిప్‌లోకి ఉన్నదున్నట్టు దింపితే పనిచేయదు, నంబర్ మారిపోతుంది కదా!

లోపం ఎక్కడ?
అన్ని కన్సోళ్లలోనూ ఒకటే మాస్టర్ కీ. అది ఒక్కసారి బయటికొచ్చిందంతే, ఏ బొమ్మ డేటానైనా విప్పి, కొత్త చిప్‌కు తగ్గట్టు మళ్లీ తాళం వేసే వీలు దొరికింది. అమ్మేసిన బొమ్మల్లో కీ మార్చాలంటే కుదరదు.

మరి బ్యాంకు కార్డు?
ఇక్కడ పద్ధతి వేరు. ప్రతి కార్డుకూ సొంత కీ ఉంటుంది, అది చిప్ దాటి బయటికి రాదు. ప్రతి లావాదేవీకీ కొత్త కోడ్ పుడుతుంది, పాతది చెల్లదు. అయితే కార్డు పోతే మాత్రం ముప్పే. 2021 జనవరి 1 నుంచి రూ.5,000 వరకు పిన్ లేకుండానే ట్యాప్ చేయొచ్చు. అవసరం లేదనుకుంటే బ్యాంకు యాప్‌లో ట్యాప్ సౌకర్యం ఆఫ్ చేసుకోవచ్చు.

పిల్లలున్న ఇళ్లలో జాగ్రత్త
కీ ఫైల్ ఫ్రీ అంటూ వచ్చే లింకుల వెంట వైరస్ కూడా రావచ్చు. పైగా కాపీరైట్ ఉల్లంఘన కోసం ఇలాంటి డిజిటల్ తాళాలు పగలగొడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 65ఎ కింద రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఖాతాలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.